పెసరమిల్లు వీధిలో స్వతంత్ర పక్షం

సోమవారం ఉదయం ఏడున్నరకు పాలరేవు పట్టణం పెసరమిల్లు వీధిలో మట్టా వెంకాయమ్మ అనే ఎనభై ఒక్క ఏళ్ల మహిళ పెరటి గోడ మీదుగా గిన్నెడు గోంగూర పప్పు అందుకున్నారు. గిన్నె ఇచ్చినవారు పక్కింటి షేక్ మీరాబీ. ఆ సమయంలో పెరట్లో ఉన్న మునిసిపల్ కార్యకర్త ఝాన్సీ దాన్ని చూసి రాసుకున్నారు.

ఝాన్సీ వచ్చింది గిన్నె కోసం కాదు, కడ్డీ కోసం. వెంకాయమ్మ ఇంట్లో పెరటి గుమ్మానికీ స్నానాల గదికీ మధ్య ఒక మెట్టు ఉంది. ఆమె కుడి మోకాలు వంగదు. మెట్టు పక్కన గోడకు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఒకటి బిగించమని ఆమె మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకున్నారు. అంతకు మించి ఏమీ అడగలేదు. మీరాబీ భర్త మస్తాన్‌కు వెల్డింగు షాపు ఉంది. కడ్డీ తానే బిగిస్తానని అతను అంతకుముందే అన్నాడు. సర్కారు ఇస్తానని ఆటోలో మైకు పెట్టి మరీ చెబుతుంటే నీ ఇనుము ఎందుకు పాడు చేసుకుంటావని వెంకాయమ్మ వద్దన్నారు.

ఆటో తిరిగిన మాట నిజమే. ముసలివాళ్లు ఎవరింట్లో వాళ్లే, తమ కాళ్ల మీద తామే నిలబడి బతకడానికి చేయూతనిచ్చే పథకం పట్టణంలో మొదలైంది. దాని పేరు వృద్ధుల స్వతంత్ర జీవన సహాయ పథకం. ఏడో నిబంధన ఇలా ఉంది: ఇతరుల సహాయంపై ఆధారపడువారు స్వతంత్రంగా జీవించుచున్నట్లు పరిగణించబడరు గనుక, వారికి స్వతంత్ర జీవన సహాయము వర్తించదు. అంటే సహాయం అక్కర్లేనివారికి సహాయం అందుతుంది. అవసరమైనవారిని మార్కెట్ యార్డు వెనక, పాత ఎరువుల గోడౌనుకు సున్నం వేసి కట్టిన ఆసరా భవన్‌కు పంపుతారు. భవన్‌లో నలభై మంచాలు వేశారు. నెలాఖరున ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. మంచాల మీద మనుషులు ఇంకా లేరు.

ఎవరికి అవసరమో ఎవరికి కాదో తేల్చడానికి పరాధీనతా సూచిక అనే కొలత ఉంది. బయటి నుంచి ఇంట్లోకి వచ్చిన ప్రతి సహాయానికీ ఒక గీత.

"ఇది ఎవరిచ్చారు మామ్మగారూ?" అని ఝాన్సీ అడిగారు.

"చూశావుగా అమ్మాయ్. మీరాబీ."

"రోజూ ఇస్తారా?"

"రోజూ గోంగూరేంటే? నిన్న ఆనపకాయ."

ఝాన్సీ ఇంకో గీత గీశారు. తరవాత మామూలుగా అడగవలసిన ప్రశ్నలు అడిగారు. సూదిలో దారం ఎవరు ఎక్కిస్తారు, గ్యాస్ బండ ఎవరు మారుస్తారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు. వెంకాయమ్మ దాచకుండా చెప్పారు. దారం కూరగాయల బండి ఆవిడ, బండ మస్తాన్, జ్వరం వస్తే వీధి మొత్తం. చెబుతూనే ఆమె గోంగూర పప్పు తన గిన్నెలోకి వంపుకుని, మీరాబీ గిన్నె కడిగి, అందులో గుప్పెడు చల్లమిరపకాయలు పోసి గోడ మీద పెట్టారు. అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి గిన్నె తీసుకుంది. ఝాన్సీ దీన్నీ చూశారు. ఇంట్లో నుంచి బయటికి వెళ్లే వాటికి ఆమె దగ్గరున్న కాగితంలో చోటు లేదు.

ఆ వారమే పథకం ప్రాజెక్టు అధికారి తటవర్తి ఫణికుమార్ జీపులో వచ్చారు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు వద్దని, ఫలితం ప్రకటించారు.

"చూడండమ్మా. మీకు సహాయం అందించాలన్నదే మా కార్యాలయం తపన. అయితే క్షేత్రస్థాయి పరిశీలనలో మీకు సహాయం అవసరమని తేలింది. అందువల్ల చేయలేకపోతున్నాం."

ఆయన స్వచ్ఛంద తరలింపు ఉత్తర్వు ముసాయిదా చూపించారు. దానిపై జిల్లా నుంచి జాయింట్ డైరెక్టర్ సంతకం పడితే వెంకాయమ్మ ఆసరా భవన్‌లో మొదటి మంచం మీదకు మారాలి. ఇంటికి తాళం వేసి, తాళంచెవి కార్యాలయం భద్రపరుస్తుంది.

"స్వచ్ఛందం అంటే నేను ఒప్పుకోవాలిగా బాబూ?"

"ఆ శ్రమ మీకు లేకుండా మీ తరఫున కార్యాలయం ఒప్పుకుందండి."

 పెళ్లయి వచ్చిన దగ్గర నుంచీ వెంకాయమ్మ ఉన్నది ఆ రెండు గదుల్లోనే. భర్త పప్పు మిల్లులో కాటా గుమాస్తాగా చేసి, ఆ ఇంట్లోనే పోయారు. పిల్లలు లేరు. ఆమె ఫణికుమార్‌ను ఒకటే అడిగారు. ఎవరూ గిన్నె ఇవ్వకపోతే, ఎవరూ బండ ఎత్తకపోతే, తాను ఇక్కడే బతికి చూపిస్తే ఈ కాగితం చెల్లుతుందా అని.

నిబంధనల్లో దానికి వీలుంది. పేరు స్వతంత్ర పక్షం. పదిహేను రోజులు, ఎవరి సహాయమూ లేకుండా, అధికారుల సమక్షంలో జీవించాలి. పట్టణంలో అది అడిగిన మొదటి వ్యక్తి ఆమే. ఈ సంగతి తెలిశాక మిగతా వీధుల్లో దరఖాస్తులు పెట్టినవాళ్లు వెనక్కి తీసుకున్నారు. ఓటరు గుర్తింపు కార్డులో వయసు తప్పు పడిందని, తమకింకా అరవై నిండలేదని కొందరు కార్యాలయానికి వచ్చి రాసిచ్చారు. వారిలో ఒకరిని మనవడు ఎత్తుకుని తెచ్చాడు.

పక్షం మొదలైన రోజు పెసరమిల్లు వీధిలో షామియానా లేచింది. వెంకాయమ్మ ఎవరి సహాయమూ లేకుండా ఉండేలా చూడటానికి సిబ్బందిని నియమించారు. గుమ్మం దగ్గర ఒక కాపలాదారు, గిన్నెలు రాకుండా. పెరట్లో గున్నేశ్వరరావు అనే ఉద్యోగి, పతన పరిశీలకుడిగా. వీరిపై పర్యవేక్షణకు ఝాన్సీ. అందరిపైనా, మధ్యాహ్నం పూట, ఫణికుమార్.

పతన పరిశీలకుడి విధులను ఫణికుమార్ వీధిలో అందరికీ వినబడేలా వివరించారు. వృద్ధురాలు పడిపోయినచో లేపరాదు. లేపడం సహాయం కిందకు వస్తుంది. పడిన సమయం, పడిన దిక్కు నమోదు చేయాలి.

"పడబోతుంటే అండి?" అని గున్నేశ్వరరావు అడిగారు.

"పడేవరకు అది పతనం కాదు. మన పరిధిలోకి రాదు."

మాట సాయం కూడా సహాయమే అని రెండో రోజు తేలింది. మీరాబీ గోడ అవతలి నుంచి, పిన్నిగారూ, మెట్టు తడిగా ఉంది, చూసుకోండి అన్నారు. ఝాన్సీ గీత గీయవలసి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి మీరాబీ పిన్నిగారితో మాట్లాడటం మానేసి తన కోడిపెట్టతో మాట్లాడటం మొదలుపెట్టారు. మెట్టు తడిగా ఉందే, ఎడమ కాలు ముందు వెయ్యవే, మందు బిళ్ల వేసుకున్నావా లేదా అని. కోడి గింజలు ఏరుకుంటూ ఉంది. ఫణికుమార్ దీనిపై కార్యాలయం నుంచి స్పష్టత కోరారు. పెంపుడు పక్షులకు ఇచ్చు సలహాలు వృద్ధుల చెవిన పడినచో వాటిని సహాయంగా పరిగణించాలా లేదా అన్నది పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది.

మస్తాన్ ఒక ఇనుప గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు. కాపలాదారు ఆపాడు.

"ఇది కడ్డీ అండి. అరగంటలో బిగించి పోతాను. ఆ తరవాత మీరూ ఉండక్కర్లేదు, నేనూ ఉండక్కర్లేదు."

అనధికార సహాయం వీలుకాదని ఫణికుమార్ చెప్పారు. అధికార సహాయం ఎప్పుడండి అని మస్తాన్ అడిగాడు. సహాయం అవసరం లేదని రుజువైన వెంటనే, అని ఫణికుమార్ అన్నారు. మస్తాన్ గొట్టాన్ని రెండో భుజానికి మార్చుకుని వెళ్లిపోయాడు.

వెంకాయమ్మ తన పని తాను చేసుకున్నారు. మెట్టు మీద కూర్చుని, కాళ్లు ముందుకు జరిపి, అలా దిగారు. సూదిలో దారం ఎక్కక, చినిగిన రవికెను అలాగే చెక్కపెట్టె మీద మడిచి పెట్టారు. కూరగాయల బండి ఆవిడ వీధి మలుపులోనే ఆగింది.

చిక్కు భోజనం దగ్గర వచ్చింది. పెసరమిల్లు వీధికి దగ్గర్లో హోటల్ లేదు. ఉన్నది బస్టాండు దగ్గర. పరిశీలకులు స్థానం విడిచి వెళ్లకూడదు. మొదటి రోజు మధ్యాహ్నం ముగ్గురూ షామియానా కింద కుర్చీల్లో కూర్చుని ఉండగా వెంకాయమ్మ లోపల అన్నం కలుపుకున్నారు. ముద్ద ఎత్తి, దించి, లేచి బయటికి వచ్చారు.

"అమ్మాయ్, బయటి నుంచి గిన్నె లోపలికి రాకూడదు. అంతేనా?"

"అంతే మామ్మగారూ."

"లోపల నుంచి బయటికి పోవచ్చా?"

ఝాన్సీ నిబంధనలు చూశారు. దాని గురించి ఏమీ లేదు.

ఆ రోజు ముగ్గురికీ వంకాయ కూర, చారు వెళ్లాయి. మర్నాడు పులుసు వెళ్లింది. మూడో రోజు నుంచి ఫణికుమార్ మధ్యాహ్నం తనిఖీ సమయాన్ని పన్నెండున్నరకు మార్చుకున్నారు. తనిఖీ ఒంటిగంటన్నర దాకా సాగేది. వెంకాయమ్మ వండే మజ్జిగ పులుసును ఆయన ఒక రోజు ఇంటికి కూడా తీసుకువెళ్లారు. ఎవరూ కాదనలేదు.

ఆరో రోజు గున్నేశ్వరరావు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి ఆ మెట్టు మీద జారి పడ్డారు. వెంకాయమ్మ చెయ్యి అందించారు, ఆయన పట్టుకుని లేచారు. ఆమె పసుపు వేసి నీళ్లు కాచి ఇచ్చారు. కార్యాలయానికి వెళ్లిన నివేదికలో, మెట్టు వృద్ధులకు ప్రమాదకరమని చెప్పలేమని, పడినది అరవై లోపు వ్యక్తి అని ఫణికుమార్ రాశారు. పడిన దిక్కు తూర్పు.

తొమ్మిదో రోజు వంట మధ్యలో గ్యాస్ అయిపోయింది. నిండు బండ వరండాలో ఉంది. వెంకాయమ్మ దాన్ని కదిపి చూశారు, కదల్లేదు. మస్తాన్ తన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కాపలాదారు అతన్ని చూస్తున్నాడు. వెంకాయమ్మ కుర్చీ మీద కూర్చుని, తనకు పొద్దుటి చద్దన్నం ఉందని, ఈ పూటకు తనకేమీ ఇబ్బంది లేదని చెప్పారు. పొయ్యి మీద ముద్దపప్పు సగం ఉడికి ఉంది.

షామియానా కింద అత్యవసర సమావేశం జరిగింది. గంట సేపు చర్చించి ఫణికుమార్ తీర్పు చెప్పారు. ముద్దపప్పు ఎవరి కోసం ఉడుకుతోంది? సిబ్బంది కోసం. అయితే ఆ పప్పు కింద మంట ఎవరి అవసరం? సిబ్బంది అవసరం. కాబట్టి బండ మార్చడం వృద్ధురాలికి సహాయం కాదు, సిబ్బంది తమ విధి నిర్వహణ కోసం చేసుకునే ఏర్పాటు. బండను గున్నేశ్వరరావు, కాపలాదారు మోశారు. వెంకాయమ్మ మిగిలిన కూర కూడా దాని మీదే వండుకోవచ్చా అన్న ప్రశ్న రాగా, మంట ఆర్పే ముందు అయితే అభ్యంతరం లేదని ఫణికుమార్ చెప్పారు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు తెల్లకారు వచ్చి షామియానా పక్కన ఆగింది. దిగినవారు జాయింట్ డైరెక్టర్ ఇందుమతి. ఆసరా భవన్ ప్రారంభోత్సవ ఏర్పాట్లు చూడటానికి, తరలింపు ఉత్తర్వుపై సంతకం పెట్టడానికి ఆమె ముందు చెప్పకుండా వచ్చారు. ఆ సమయంలో అరుగు మీద ముగ్గురు, కుర్చీలో ఫణికుమార్ భోజనం చేస్తున్నారు. వెంకాయమ్మ వడ్డిస్తున్నారు. ఫణికుమార్ లేవబోయి, ఒడిలో కంచం ఉండటంతో సగం లేచి ఆగారు.

ఇందుమతి ఎవరినీ కేకలేయలేదు. కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వాళ్ల భోజనాలు అయ్యేవరకు ఆగారు. చేతులు కడుక్కుని వచ్చాక, పరాధీనత నిర్వచనం ఒకసారి చదవమని ఫణికుమార్‌కు చెప్పారు. ఆ నిర్వచనం రాసింది ఆమే.

ఫణికుమార్ చదివారు. "ఒక వ్యక్తి తన గృహము కాని ఇతర గృహమున వండిన ఆహారమును క్రమబద్ధముగా పొందుచుండుట."

"ఇది మీ గృహమా?"

"కాదు మేడమ్."

"క్రమబద్ధంగా తింటున్నారా?"

ఫణికుమార్ ఝాన్సీ వైపు చూశారు. ఝాన్సీ చెట్టు వైపు చూశారు.

"ఆయ్, మేడమ్."

"నిర్వచనంలో వయసు ఉందా?"

"లేదు మేడమ్. ఎవరినీ మినహాయించకూడదన్న సమ్మిళిత దృక్పథంతో వయసు తీసేశామండి."

"భవన్‌లో నలభై మంచాలున్నాయి. మీ నలుగురికీ కిటికీ వైపు కావాలా, గోడ వైపు కావాలా?"

గున్నేశ్వరరావు గోడ వైపు అని చెప్పబోగా కాపలాదారు ఆపాడు. నెలాఖరుకు మనుషులు కావాలి కాబట్టి ఆమె ఆ మాట వేళాకోళానికి అనడం లేదని అక్కడున్నవారికి అర్థమైంది.  ఫణికుమార్ చేతిలో ఒక గిన్నె ఉంది. ముందు రోజు మజ్జిగ పులుసు ఇంటికి తీసుకెళ్లిన గిన్నె. కడిగి తెచ్చారు.

"మేడమ్, ఇది పరాధీనత కాదండి," అన్నారాయన. "ఇది పరస్పర వినిమయం. ఒక వైపు నుంచి వస్తే పరాధీనత. రెండు వైపులా వెళితే వినిమయం. మనం గిన్నె తీసుకుంటున్నాం, గిన్నె ఇస్తున్నాం. ఖాళీగా ఇవ్వడం లేదు."

అందరూ ఆయన చేతిలో గిన్నె వైపు చూశారు. అది ఖాళీగా ఉంది.

ఇందుమతి వెంకాయమ్మను అడిగారు. "ఖాళీగా ఇవ్వడం లేదంటున్నారు. నిజమేనా అమ్మా?"

వెంకాయమ్మ ఫణికుమార్‌ను చూశారు. పదకొండు రోజులుగా ఆ నలుగురి గిన్నెలూ ఖాళీగానే తిరిగి వచ్చాయి. ఆ మాట ఆమె చెప్పలేదు.

"మా వీధిలో గిన్నె ఖాళీగా తిరిగి రాదమ్మా. ఆ బాబు పెట్టబోతున్నాడేమో. ఆగండి."

ఆగారు. ఫణికుమార్ జేబులు వెతుక్కున్నారు. మోటారు సైకిల్ తాళం, పెన్ను, ఫోను. మూడూ ఆయనకు కావలసినవే. చంకలో ఒక ఫైలు ఉంది. ఫైల్లో ఒకే కాగితం ఉంది. సంతకం కోసం ఆయన రోజూ వెంట తిప్పుతున్న స్వచ్ఛంద తరలింపు ఉత్తర్వు. ఆయన దాన్ని బయటికి తీశారు, నాలుగు మడతలు పెట్టారు, గిన్నెలో వేశారు, రెండు చేతులతో వెంకాయమ్మకు అందించారు.

"ఇదేంటి బాబూ?"

"మీదేనండి."

"సంతోషం," అన్నారు వెంకాయమ్మ. గిన్నె పెరట్లోకి తీసుకువెళ్లి, అంట్లతో పాటు నీళ్ల గాబు పక్కన పెట్టి, చెంబుడు నీళ్లు పోశారు. ఉత్తర్వుకు ఇంకో ప్రతి లేదని కార్యాలయ వర్గాలు తరవాత ధ్రువీకరించాయి.

సిబ్బంది భోజనాలను పరస్పర వినిమయంగా గుర్తిస్తున్నట్టు ఇందుమతి అక్కడికక్కడే నమోదు చేశారు. అయితే ఒక నిర్వచనం కొందరికి ఒకలా, కొందరికి ఇంకోలా వర్తించదని అన్నారు. మీరాబీ గిన్నెలు ఏ స్థితిలో తిరిగి వెళ్లాయని ఝాన్సీని అడిగారు. ఝాన్సీ కాగితం చూడకుండా చెప్పారు. గోంగూర పప్పు గిన్నెలో చల్లమిరపకాయలు. ఆనపకాయ గిన్నెలో బెల్లం ముక్క అని మీరాబీ గోడ మీద నుంచి అందించారు. కోడి గురించి ఎవరూ ప్రస్తావించలేదు. బండ మార్చినందుకు మస్తాన్ ఏం తీసుకుంటాడని అడిగితే, తన రంజాన్ సేమ్యాకు పాలు కాచి ఇచ్చేది పిన్నిగారే అని అతను చెప్పాడు. అలా ఒక్కో గీతనూ కొట్టేశారు. సూదిలో దారం గీత దగ్గర కొంత ఆలస్యమైంది. కూరగాయల బండి ఆవిడను మలుపు నుంచి పిలిపించారు. ఎండలో తన బండికి ఆ ఇంటి నీడ ఇస్తారని ఆమె చెప్పింది.

చివరికి వెంకాయమ్మ పరాధీనతా సూచిక సున్నా అని తేలింది. ఆమెకు ఎవరి సహాయమూ అవసరం లేదు. కాబట్టి ఏడో నిబంధన ప్రకారం సహాయానికి అర్హురాలు. కడ్డీ మంజూరైంది.

ఫణికుమార్ ఒక సందేహం వెలిబుచ్చారు. కడ్డీ బిగించాక ఆమె దాన్ని పట్టుకుంటే, కడ్డీపై ఆధారపడినట్టు అవుతుంది గదా అని. కడ్డీకి ఆమె తిరిగి ఏమీ ఇవ్వలేరు కాబట్టి దీన్ని వినిమయం అనలేం. దీనిపై చాలాసేపు చర్చ జరిగింది. కడ్డీని అమర్చాలని, పట్టుకోవడాన్ని మాత్రం ప్రతి ఉదయం ఒక కార్యకర్త పరిశీలించి నమోదు చేయాలని నిర్ణయించారు. ఆ బాధ్యత ఝాన్సీకి అప్పగించారు. ఇందుమతి కారెక్కే ముందు వెంకాయమ్మ ఆమెకు ఒక గిన్నెలో మజ్జిగ పులుసు పోసి మూత పెట్టి ఇచ్చారు. ఆమె వద్దన్నారు, తరవాత తీసుకున్నారు.

కడ్డీ పని గుత్తేదారుకు ఇచ్చారు. గుత్తేదారు దాన్ని మస్తాన్‌కు ఇచ్చాడు. మస్తాన్ బుధవారం అరగంటలో బిగించాడు. గొట్టం మొదట భుజాన వేసుకొచ్చినదే.

నెలాఖరున ఆసరా భవన్ ప్రారంభమైంది. మంచాలకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. జిల్లా కేంద్రం నుంచి గిన్నె తిరిగి వచ్చింది. అందులో అరటిపళ్లు ఉన్నాయి.

గురువారం ఉదయం ఏడున్నరకు వెంకాయమ్మ కడ్డీ పట్టుకుని మెట్టు దిగారు. ఆమెను పరిశీలించవలసిన ఝాన్సీ ఆ సమయంలో అటు తిరిగి, గోడ మీదుగా మీరాబీకి గిన్నె అందిస్తున్నారు. గిన్నె ఖాళీగా లేదు.